చలికాలంలో వయొలిన్ గరగరమంటే

విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు పాఠం చెప్పిన చోటు. ఈ ఊళ్లో చాలా ఇళ్లలో వయొలిన్ ఉంటుంది. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన కదా, దానికోసం సాధన మొదలవగానే అందరూ చెప్పే బాధ ఒక్కటే: ఫలానా స్వరం దగ్గర గరగరమంటోంది.

దయచేసి ముందు వయొలిన్ పట్టుకుని వరండాలోకి వెళ్లి అదే స్వరం వాయించండి. ఎంత చెప్పినా ఈ పని ఎవరూ చేయరు. బయట చప్పుడు రాకపోతే వయొలిన్ బాగానే ఉన్నట్టు. పొడిగాలికి కిటికీ చెక్క ముడుచుకుని అద్దం వదులవుతుంది, తనకు సరిపడే స్వరం తగలగానే అదీ మోగుతుంది. ఒకరు కమాను లాగుతుంటే ఇంకొకరు కిటికీ అద్దం, బీరువా తలుపు, స్టీలు పళ్లేల స్టాండు వరసగా అరచేత్తో నొక్కి చూడండి. ఎక్కడ నొక్కితే ఆగిందో అదే దొంగ. కిటికీ అద్దమైతే అంచున లప్పం పెట్టి, బీడింగు మేకులు బిగిస్తే చాలు.

బయట కూడా గరగరమంటే శ్రుతిని కొద్దికొద్దిగా సరిచేసే ఫైన్ ట్యూనర్ మరలు వదులయ్యాయేమో, గడ్డం ఆనించడానికి ఉండే చిన్‌రెస్ట్, తీగల కింది కొసలు పట్టి ఉంచే టెయిల్‌పీస్‌కి తగులుతోందేమో చూడండి.

అవన్నీ సరిగ్గానే ఉంటే అసలు సంగతి అంచు అతుకు, అంటే పై పలక, కింది పలక పక్క చెక్కలకు అంటుకునే చోటు. నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది ఇదే. మనం కూర్చుని వాయించేటప్పుడు వయొలిన్ కింది భాగం ఒంటికి ఆనుతుంది. వేసవంతా చెమట ఇంకి అక్కడి జిగురు బలం తగ్గుతుంది, చలికాలం పొడికి అతుకు విడిపోతుంది. కంటికి కనిపించదు. పైగా పొద్దున్న మంచు తేమకి మూసుకుని మధ్యాహ్నం తెరుచుకుంటుంది కాబట్టి, ఉదయం తీసుకొచ్చి చూపిస్తే చప్పుడే ఉండదు. అందుకని చాలామంది తీగలు మార్చి డబ్బు తగలేస్తారు. చప్పుడు వస్తున్న సమయంలోనే, వేలి కణుపుతో అంచు చుట్టూ, పైనా కిందా మెల్లగా తట్టండి. గట్టిగా ఉన్నచోట 'టక్' అంటుంది. విడిపోయినచోట బోలుగా, చిన్న వణుకుతో పలుకుతుంది. అక్కడ పల్చటి కాగితం ముక్క దూరిందంటే ఇక అనుమానం లేదు.

క్షణాల్లో అంటుకునే గమ్ము మాత్రం వద్దు. వయొలిన్‌కి తోలు ఉడికించి తీసిన సరేసు వాడేది ఊరికే కాదు. చెక్క ముడుచుకున్నప్పుడు ముందు అతుకు విడిపోయి, పలక పగలకుండా కాపాడుతుంది. గమ్ము పోస్తే ఆ లాగుడుకి పలకే చీలుతుంది. తీగలు కాస్త వదులు చేసి రిపేరు తెలిసినవారికి ఇవ్వండి. అన్నీ ఒకేసారి పూర్తిగా విప్పితే తీగలను మోసే బ్రిడ్జి పడిపోతుంది, లోపల పలకల మధ్య నిలబెట్టిన చిన్న కర్ర, సౌండ్ పోస్టు కూడా పడొచ్చు. వాళ్లు సరేసు పెట్టి, క్లాంపులు బిగించి ఒక రాత్రి ఉంచుతారు.

తీగలు బిగించడానికి తిప్పే బిరడాలు జారడం కూడా ఈ కాలపు బాధే. లోపలికి నొక్కుతూ తిప్పండి, తీగ చివరి చుట్టు బిరడాలుండే పెట్టె గోడ వైపు రావాలి. లోపల పై పలకకు అంటించిన బేస్ బార్ అనే చెక్క బద్ద ఊడటం లాంటివి చాలా అరుదు, వాటి గురించి టెన్షన్ వద్దు.