గ్రమాటికల్ ఎవల్యూషన్‌లో ఫిట్‌నెస్ కదలట్లేదా? ముందు మ్యాపింగ్ చూడండి

గ్రమాటికల్ ఎవల్యూషన్ అంటే నంబర్ల వరుసని (జీనోమ్) గ్రామర్ రూల్స్‌తో ప్రోగ్రామ్‌గానో సూత్రంగానో మార్చి (ఇదే మ్యాపింగ్), మంచివాటిని తరతరాలుగా మెరుగుపరిచే పద్ధతి. అందులో ఫిట్‌నెస్ (వచ్చింది ఎంత బాగా పనిచేస్తుందనే స్కోర్) ఒకచోట ఆగిపోతే చాలామంది వెంటనే పాపులేషన్ (ఒక తరంలోని జీనోమ్‌ల సంఖ్య) పెంచేస్తారు, మ్యుటేషన్ రేట్ (నంబర్లు ర్యాండమ్‌గా మారే రేటు) మార్చేస్తారు. నేనూ అదే చేసేదాన్ని. ఇప్పుడు మాత్రం ముందు కాగితం మీద ఒక్క జీనోమ్‌ని చేత్తో మ్యాప్ చేస్తాను, మీరూ చేయండి, పది నిమిషాల పని.

1998లో ర్యాన్, కాలిన్స్, ఓనీల్ ఇచ్చిన పద్ధతి ఇది: కోడాన్‌ని (జీనోమ్‌లోని ఒక్కో నంబర్‌ని) ఆ రూల్‌కి ఉన్న ఆప్షన్ల సంఖ్యతో భాగించి, శేషం ఎంతొస్తే ఆ ఆప్షన్ తీసుకోవడం (లెక్క 0 నుంచి), ఎప్పుడూ ఎడమవైపు ఇంకా విడదీయని ముక్క నుంచే. మన గ్రామర్ ఇదనుకోండి: ఎక్స్‌ప్రెషన్‌కి రెండు ఆప్షన్లు (0 అయితే ఎక్స్‌ప్రెషన్ ఆపరేటర్ ఎక్స్‌ప్రెషన్, 1 అయితే వేరియబుల్), ఆపరేటర్‌కి మూడు (+, -, ×), వేరియబుల్‌కి రెండు (ఎక్స్, 1). జీనోమ్ 12, 7, 4, 10, 5, 9 అయితే వచ్చేది "ఎక్స్ - 1".

ఇప్పుడు 12ని 14 చేయండి, ఏమీ మారదు. 13 చేయండి, మొత్తం పోయి "1" ఒక్కటే మిగులుతుంది, వెనక నాలుగు కోడాన్లు వాడకంలోనే లేవు. 12ని అలాగే ఉంచి 7ని 6 చేస్తే ఇంకా ఘోరం, ఆపరేటర్‌ని ఎంచిన 10 ఇప్పుడు ఎక్స్‌ప్రెషన్‌ని ఎంచుతుంది, కోడాన్లు అయిపోయేసరికి ఇంకా 4 ఎక్స్‌ప్రెషన్లు విడదీయాల్సినవి మిగిలే ఉంటాయి. అమ్మానాన్నల జీనోమ్‌ల్లో ఉన్న మంచి ముక్క పిల్లల జీనోమ్‌ల దాకా రాకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

మీ గ్రామర్‌లో ఇదెంత ఉందో కొలవండి: ఓ వెయ్యి జీనోమ్‌లు తీసుకుని ఒక్కోదాంట్లో ఒక్క కోడాన్ మార్చి, ఎన్ని మారలేదు, ఎన్ని కొంచెం మారాయి, ఎన్ని ఇన్‌వాలిడ్ అయ్యాయో (పూర్తికాకముందే కోడాన్లు అయిపోయాయో) లెక్కపెట్టండి.

ఇన్‌వాలిడ్‌లు ఎక్కువుంటే తప్పు దాదాపు గ్రామర్‌దే. పై ఎక్స్‌ప్రెషన్ రూల్‌కి బ్రాకెట్లతో ఇంకో రికర్సివ్ (తనని తానే మళ్లీ తెచ్చుకునే) ఆప్షన్, అంటే "(ఎక్స్‌ప్రెషన్ ఆపరేటర్ ఎక్స్‌ప్రెషన్)", కలిపారనుకోండి, అంటే మూడింట రెండు రికర్సివ్, అప్పుడు కోడాన్లు ఎన్ని ఇచ్చినా ర్యాండమ్ జీనోమ్‌ల్లో సగం ఎప్పటికీ ముగియవు. వేరియబుల్ ఆప్షన్‌ని రెండుసార్లు రాస్తే చాలు, ఆ అంతులేని పెరుగుదల పోతుంది (కొన్ని ఎక్స్‌ప్రెషన్ల చెట్లు పెద్దవే అవుతాయి, ఎంత లోతు దాకా విడదీయాలో డెప్త్ లిమిట్ పెట్టుకోండి).

ఇది చేశాక కూడా చిన్న మార్పుకి పెద్ద కుదుపు వస్తుంటే స్ట్రక్చర్డ్ గ్రమాటికల్ ఎవల్యూషన్‌కి మారండి, అందులో ప్రతి నాన్‌టెర్మినల్‌కి (ఎక్స్‌ప్రెషన్, ఆపరేటర్ లాంటి, ఇంకా విడదీయాల్సిన పేరుకి) సొంత లిస్ట్ ఉంటుంది కాబట్టి ఆపరేటర్ కోసం దాచిన నంబర్ ఆపరేటర్‌కే వెళ్తుంది. పోల్చేటప్పుడు రెండిటికీ ఒకే గ్రామర్, అన్నే ఫిట్‌నెస్ ఎవాల్యుయేషన్లు, కనీసం 30 వేర్వేరు సీడ్లు (ర్యాండమ్ నంబర్ల మొదలు విలువలు) ఇవ్వండి, ఒక్క రన్ చూసి తేల్చేయొద్దు.