పండగ మూడు రోజులే, డబ్బా మాత్రం నెల రోజులు

సంక్రాంతికి బరువు పెరిగామంటే అందరూ కనుమ నాటి నాటుకోడిని తిడతారు. పాపం, దాని తప్పేం లేదు. మూడు రోజులు కడుపునిండా తిన్నా, నాలుగో రోజు నుంచి మామూలు తిండికి వచ్చేస్తే ఒళ్ళు సర్దుకుంటుంది. పండగకి వారం ముందు మొదలై, అలమరలో స్టీలు డబ్బా అడుగు కనిపించేదాకా సాగే తిండే అసలు సమస్య. జాగ్రత్త పడాల్సింది దాని దగ్గర.

తిరుపతి వైపు ఈ కాలం ఇంకాస్త పొడుగు. డిసెంబర్ 16 ప్రాంతంలో ధనుర్మాసం వస్తుంది, తెల్లారుజామున గుడికి పోతే దొన్నెలో వేడి వేడి పొంగలి. ఆ వెనకే వైకుంఠ ఏకాదశి, జనవరి 1 కేకు, భోగి, సంక్రాంతి, కనుమ. అంతటితో అయిపోతుందా? చంద్రగిరి చుట్టుపక్కల పశువుల పండగ ఒక్కో ఊళ్ళో ఒక్కో రోజు చేస్తారు. ఏ ఊరి చుట్టాలు పిలిస్తే ఆ ఊరికి పోవాల్సిందే, పోతే తినకుండా రానివ్వరు. రథసప్తమి వచ్చేసరికి నెల ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

అమెరికాలో పెద్దవాళ్ళు 195 మందిని నవంబర్ మధ్య నుంచి జనవరి మధ్య దాకా తూచి చూసిన అధ్యయనం ఒకటి 2000లో అచ్చయింది. సగటున పెరిగింది 370 గ్రాములే. రెండు మూడు కిలోలు పెరిగిపోయామని అందరూ అనుకునేదానికి ఇది చాలా తక్కువ. కానీ ఆ పెరిగింది ఎండాకాలం దాకా చూసినా తగ్గలేదు. ముందే బరువెక్కువ ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కువ పెరిగారు. వాళ్ళ పండగలు వేరు, మన పండగలు వేరు. ఏటా కాస్త చేరి అక్కడే నిలిచిపోయే పద్ధతి మాత్రం మనకీ తెలిసిందే, పెళ్ళినాటి చొక్కా ఒకసారి తొడుక్కుని చూస్తే చాలు.

బియ్యం నానేసే ముందు

అరిసెలు ఎన్ని చేయాలన్నది పొయ్యి వెలిగించాక తేలే సంగతి కాదు, బియ్యం కొలిచేటప్పుడే తేలిపోవాలి. అవ్వల కాలంలో ఇంటినిండా జనం, పొద్దస్తమానం పొలం పని. ఇప్పుడు ఫ్లాటులో నలుగురం ఉంటాం, అందులో ఇద్దరం రోజంతా కుర్చీలోనే. కొలత మాత్రం అవ్వ కొలతే.

లెక్క చూడండి. కిలో బియ్యం, ముప్పావు కిలో బెల్లం, పీల్చుకున్న నూనె కలిపితే ఎనిమిది వేల కేలరీలు దాటుతుంది. నలభై అరిసెలు వచ్చాయనుకుంటే ఒక్కోటి 200. ఒంట్లో కిలో కొవ్వు చేరడానికి దాదాపు 7,700 కేలరీలు మిగలాలంటారు. అంటే మామూలు తిండి ఏమాత్రం తగ్గించకుండా, కాఫీతో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున ఇరవై రోజులు తింటే కిలో బియ్యం అరిసెలు ఒంటి మీద కిలో అయి కూర్చుంటాయి. రోజుకి రెండే గదా అని తింటాం, అందుకే పట్టుబడం.

కాబట్టి మనిషికి ఎన్ని అని ముందే అనుకుని, దానికి సరిపడా నానేయండి. అల్లుడొస్తాడు, పక్కింటికి పంపాలి, ఊరికి మోయాలి అంటే ఆ లెక్క విడిగా వేసుకోండి, పంపాల్సినవి చేసిన రోజే పంపేయండి. పండగ తర్వాత పంపుదాంలే అని పక్కన పెట్టిన డబ్బా ఏమవుతుందో మీకు తెలుసు.

ఇక కాల్చేటప్పుడు. నూనె సరిగ్గా కాగకపోతే అరిసె ఎక్కువ పీలుస్తుంది. చిటికెడు పిండి వేస్తే వెంటనే పైకి తేలాలి. తొందరకొద్దీ కడాయి నిండా వేస్తే వేడి పడిపోయి అన్నీ నూనె తాగుతాయి. తీసిన అరిసెని రెండు గరిటెల మధ్య పెట్టి నొక్కడం అందరూ చేసేదే, కాకపోతే మొదటి పదింటిని గట్టిగా నొక్కి, చెయ్యి నొప్పెట్టాక మిగతావాటిని తూతూమంత్రంగా నొక్కి పళ్ళెంలో పడేస్తాం. నొక్కిన అరిసెని గరిటె మీదే నిలువుగా వంచి చూడండి. అంచు నుంచి ఇంకా చుక్క జారుతుంటే మళ్ళీ నొక్కాలి. ఒక చిన్న చెంచా నూనె, అంటే 5 మిల్లీలీటర్లు, 45 కేలరీలు. నలభై అరిసెలకి అరచెంచా చొప్పున పిండినా తొమ్మిది వందలు పోయినట్టే. ఇంత లాభం ఇంకే డైటింగులోనూ రాదు. మిగిలిన నూనెని వడగట్టి ఒకటి రెండు రోజుల్లో తాళింపులకి వాడేయండి. అదే నూనెని మళ్ళీ మళ్ళీ కాచి వడలకీ మురుకులకీ వాడొద్దు.

పిండివంటలు ఖాళీ కడుపుతో మొదలుపెట్టొద్దు. ఉప్పు సరిపోయిందా అని ఒకటి, కరకరలాడుతోందా అని ఒకటి, విరిగిపోయినవి ఎలాగూ ఎవరికీ పెట్టలేం గదా అని ఇంకో నాలుగు. విరిగిన మురుకుకి కేలరీలు ఉండవని ఎవరు చెప్పారో గానీ, మన ఇళ్ళల్లో అందరూ నమ్ముతారు. అన్నం తిని, చెంబెడు మజ్జిగ పక్కన పెట్టుకుని కూర్చుంటే సగం రుచి చూడటాలు వాటంతట అవే మానుకుంటాయి.

బెల్లం సంగతి కూడా చెప్పుకోవాలి. చిత్తూరు చుట్టుపక్కల బెల్లం గానుగల మధ్య పెరిగినవాళ్ళం, బెల్లాన్ని ఎవరైనా ఏమన్నా అంటే ఊరుకోం. ఐనా చెప్పక తప్పదు. వంద గ్రాముల చక్కెరలో 400 కేలరీలుంటే అంతే బెల్లంలో 380 దాకా ఉంటాయి. రక్తంలో చక్కెరని పెంచడంలోనూ రెండింటికీ పెద్ద తేడా లేదు. రుచికీ వాసనకీ బెల్లమే వాడుకోండి, నాకూ అదే ఇష్టం. షుగర్ ఉన్న మామకి "బెల్లంతో చేసిందే మామా, ఏమీ కాదు" అని మాత్రం పెట్టొద్దు.

ఫ్రిజ్‌లో లడ్డూలు

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకి ఇది అదనపు గండం. సెలవులంటే చాలు, ఎక్కడెక్కడి చుట్టాలూ దర్శనానికని దిగుతారు. వచ్చేటప్పుడు వాళ్ళ ఊరి స్వీటు పెట్టె, కొండ దిగేటప్పుడు మనకో లడ్డూ. వైకుంఠ ద్వార దర్శనాల రోజుల్లో ఇలా నాలుగు కుటుంబాలు వచ్చిపోతే ఫ్రిజ్‌లో అర నిండా అవే.

తిరుమల చిన్న లడ్డూ సుమారు 175 గ్రాములు. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు కలిసిన దానిలో గ్రాముకి నాలుగు కేలరీలకి తక్కువ ఉండవు. అంటే ఒక లడ్డూ 700. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388. ఎక్కేటప్పుడు మెట్టుకి కేలరీలో ఆరో వంతు ఖర్చవుతుందనుకున్నా, మొత్తం ఎక్కితే 400. మెట్లెక్కి వచ్చాం గదా అని పైన ఒక లడ్డూ పూర్తిగా తిన్నవాళ్ళు ఖర్చు చేసినదానికి దాదాపు రెట్టింపు జమ చేసుకున్నట్టు.

ప్రసాదాన్ని కాదనమని కాదు. కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుని, మిగతాది నలుగురికీ పంచడమే మన పెద్దల పద్ధతి. లడ్డూ ఇంటికి రాగానే చిదిపి చిన్న చిన్న పొట్లాలు కట్టేయండి. ఆఫీసులో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఇంట్లో, పాలవాళ్ళకి, ఎవరికిచ్చినా రెండు చేతులా తీసుకుంటారు. ఫ్రిజ్‌లో పెడితే రాత్రి పది గంటలకి నీళ్ళ సీసా కోసం తలుపు తీసినప్పుడల్లా ఒక ముక్క విరుగుతుంది.

ఉపవాసం, మెట్లు, షుగర్ మాత్రలు

ఇది బరువు కంటే ముఖ్యమైన మాట. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్ళు ఏకాదశికి ఉపవాసం ఉండి, అదే ఊపులో మెట్లెక్కితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఉపవాసం ఉండాలనుకుంటే వారం ముందే డాక్టరుని అడిగి డోసు మార్పించుకోండి. సొంతంగా మానొద్దు, సొంతంగా తగ్గించొద్దు. వణుకు, చల్లటి చెమట, కళ్ళు తిరగడం, అయోమయం కనిపిస్తే అక్కడే కూర్చోబెట్టి, మనిషి తెలివిలో ఉంటే మూడు చెంచాల గ్లూకోజో చక్కెరో నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటకి గ్లూకోమీటర్‌తో చూడండి, 70 కంటే తక్కువుంటే మళ్ళీ ఇవ్వాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోండి. ఈ సమయంలో లడ్డూ పనికిరాదు. అందులోని నెయ్యి వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. అందుకే జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు మెట్ల సంగతి డాక్టరుతో మాట్లాడకుండా అనుకోనే వద్దు.

సంక్రాంతి నాడు కూడా ఇలాంటి చిక్కే ఒకటి ఉంది. పెద్దలకి పెట్టుకునేదాకా ఎవరూ తినరు, కొత్తబట్టలు పెట్టి, టెంకాయ కొట్టి, ఆకుల్లో వడ్డించేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. మాత్ర పొద్దున్నే వేసుకున్న పెద్దమ్మ అప్పటిదాకా ఖాళీ కడుపుతో ఉండటం మంచిది కాదు. ఇంట్లో అందరూ కలిసి ముందే ఒక మాట అనుకుని ఆమెకి పొద్దున ఏదైనా పెట్టండి. పెద్దలు కోప్పడరు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళూ అంత ఆకలి మీద కూర్చుంటే మొదటి పది నిమిషాల్లోనే వడలూ ఓళిగలూ ఎన్ని లోపలికి పోయాయో తెలియదు.

ఆకు ముందు

కూర్చోగానే కూరతో మొదలుపెట్టండి. ఈ కాలంలో మన వైపు దొరికేవాటికి తిరుగులేదు: గుమ్మడికాయ, చిక్కుడు, గెనుసుగడ్డ కలిపి వండే కలగూర, అనపగింజల పులుసు, పితికి పప్పు. నానబెట్టిన అనపగింజని వేళ్ళ మధ్య పట్టి పితికితే తొక్క చేతిలో మిగిలి పప్పు గిన్నెలోకి ఎగిరిపడుతుందే, ఆ పని పిల్లలకి అప్పజెప్పండి, సెల్‌ఫోన్ కాసేపు పక్కన పడుతుంది. ఆ పప్పులో మాంసకృత్తులూ పీచూ రెండూ ఉన్నాయి. కూరా పప్పూ ముందు తిని అన్నం తర్వాత తింటే భోజనం తర్వాత చక్కెర పెరగడం కూడా తగ్గుతుంది. సాయంత్రం నోరు ఊరుకోకపోతే ఉప్పేసి ఉడికించిన అనపకాయలున్నాయి, చెనక్కాయలున్నాయి. చెనక్కాయలు మాత్రం గుప్పెడు చాలు.

కనుమ నాడు నాటుకోడి హాయిగా తినండి. పులుసు మీద తేలే నూనెని గరిటెతో పక్కకి తీసి వడ్డించుకోవచ్చు. చూసుకోవాల్సింది పులుసులో ముంచే అలసంద వడల లెక్క, సంగటి ముద్ద సైజు. రాగే గదా అని రెండో ముద్ద పెట్టించుకుంటాం. వంద గ్రాముల రాగిపిండిలో 320 కేలరీలు, బియ్యంలో 350 పైచిలుకు. పీచూ కాల్షియమూ రాగిలో ఎక్కువే, కడుపు కూడా నిదానంగా నింపుతుంది. అయినా రెండు ముద్దలు రెండు ముద్దలే. ఇక బావలూ బామ్మర్దులూ డాబా ఎక్కి తాగేదానికి ఒక్క మాటే: మందులోని ఆల్కహాల్ గ్రాముకి ఏడు కేలరీలు, దాని పక్కన పెట్టుకున్న మిక్చర్ లెక్క ఎవరూ వేయరు.

"ఒకటే గదా, తిను నాయినా, పండగ పూట ఏమీ కాదులే" అనే అత్తని ఎదుర్కోవడం అన్నిటికంటే కష్టం. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది, డైటింగు అంటే ఇంకా రెండు ఎక్కువ వేస్తుంది. నాకు తెలిసి పనిచేసే మంత్రం ఒకటే, ఆమె కంటే ముందు మనమే అడగడం. "అత్తా, ఆ పితికి పప్పు ఇంకో గరిటె వెయ్యి, ఇట్లా ఎవరు చేస్తారు ఈ రోజుల్లో" అనండి. వంట మెచ్చుకున్నారన్న సంతోషంలో ఓళిగ సంగతి మర్చిపోతుంది. మర్చిపోకపోతే ఒకటి తినండి, గొడవ లేదు. ఇంకో సంగతి, వచ్చిన చుట్టాలెవరైనా "ఏంది ఇంత లావైనావు" అని పిల్లల్ని అందరి ముందూ అంటుంటే మాట మార్చేయండి. దానివల్ల ఏ పిల్లా తగ్గలేదు.

పక్కింటివాళ్ళు పంపిన పళ్ళెం ఖాళీగా తిప్పి పంపకూడదన్న ఆచారం వల్ల వీధంతా ఒకరి అరిసెలు ఒకరు తింటూంటారు. తిప్పి పంపేటప్పుడు జాంపండ్లో రేగుపండ్లో పెట్టి చూడండి. రెండేళ్ళలో వీధి మొత్తం అలవాటు పడుతుంది.

పండగ వెళ్ళాక

కనుమ మర్నాడు తూచుకుని బెంబేలెత్తొద్దు. కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తే అందులో చాలా భాగం ఉప్పూ పిండిపదార్థాలూ పట్టి ఉంచిన నీరే. వారం ఆగి, పొద్దున్నే ఏమీ తినకముందు చూసుకోండి. ఆ తర్వాత వారానికోసారి అదే రోజు, అదే వేళకి చూస్తే చాలు. టేపుతో నడుము కూడా కొలవండి. మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే మన దేశంలో అది హెచ్చరిక కిందే లెక్క, బరువు మామూలుగా ఉన్నా సరే.

పస్తులుండి తగ్గించుకుందాం అనుకోవద్దు, మూడో రోజుకి డబ్బా మీద పడతారు. మామూలు భోజనం, గంట నడక. ఆ గంటకి ఖర్చయ్యేది దాదాపు ఒక అరిసె అంత, కాబట్టి నడక ఒక్కదాని మీద భారం వేయకుండా డబ్బా సంగతి కూడా తేల్చాలి. కనుమ దాటిన ఆదివారం అన్ని డబ్బాలూ కిందికి దించి, ఇంట్లో మనిషికి రెండు చొప్పున ఉంచి, మిగతావి ఆ రోజే బయటికి పంపేయండి. హాస్టల్‌కి పోయే పిల్లల సంచిలో పెట్టండి, పనిమనిషికి ఇవ్వండి, ఆఫీసు బల్ల మీద పెట్టండి. మాఘమాసం పెళ్ళి పత్రికలు రావడానికి ఇంకెన్నో రోజులు పట్టదు, అప్పటికి డబ్బాలు కడిగి బోర్లించేసి ఉండాలి.