గోదావరి డెల్టాలో పిల్లల సేవాసంస్థకు విరాళం ఇచ్చే ముందు లెక్క చూడవలసిన తీరు

డొక్కా సీతమ్మ గారు లంకల గన్నవరంలో తమ ఇంటి పొయ్యి మీద, తమ పొలంలో పండిన ధాన్యంతో, వేళ కాని వేళ వచ్చినవారికి కూడా అన్నం వండిపెట్టారు. ఖర్చయినది ఆ ఇంటి సొత్తే కనుక ఆవిడను లెక్క అడగవలసిన అవసరం ఎవరికీ కలగలేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. ఈనాడు మన డెల్టాలో పిల్లల ఆశ్రమాలు నడిపేవారి పరిస్థితి వేరు. వారు పెట్టే అన్నంలో కువైట్‌లో ఇంటిపని చేస్తున్న తల్లి పంపిన డబ్బు ఉంటుంది, దాళ్వా ధాన్యం అమ్మిన రైతు ఇచ్చిన బస్తా ఉంటుంది, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు తండ్రి సంవత్సరీకం నాడు పంపిన సొమ్ము ఉంటుంది. ఇతరుల సొమ్ముతో నడిచే సంస్థ లెక్క చెప్పవలసిందే. ఆ సొమ్ము ఎవరి పేరున వచ్చిందో ఆ పిల్లలు అడగలేరు కనుక, అడగవలసిన బాధ్యత ఇచ్చేవారి మీద పడుతుంది.

మొదట తెలుసుకోవలసినది ఆ సంస్థ ఏ చట్టం కింద పుట్టిందన్నది. సొసైటీ అయితే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుంది; కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి, కార్యవర్గం జాబితాను ఏటా జిల్లా రిజిస్ట్రారుకు సమర్పించాలి. ట్రస్టు అయితే దాని దస్తావేజు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో నమోదై ఉంటుంది గాని, సొసైటీలాగా అక్కడ ఏటా జాబితాలు ఇవ్వనక్కర లేదు. అందువల్ల ట్రస్టు విషయంలో ఆదాయపు పన్ను శాఖకు ఇచ్చిన లెక్కలే మనకు ప్రధాన ఆధారం. 2013 కంపెనీల చట్టంలోని 8వ సెక్షను కింద ఏర్పడిన కంపెనీ అయితే దాని వార్షిక పత్రాలను కొద్దిపాటి రుసుము కట్టి కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది: 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి గనుక, అంతకు ముందు నమోదైన సంస్థల పత్రాల మీద తూర్పు గోదావరి అనో పశ్చిమ గోదావరి అనో ఉంటుంది, సంస్థ మాత్రం నేడు కోనసీమలోనో కాకినాడ జిల్లాలోనో ఏలూరు జిల్లాలోనో ఉంటుంది. పాత జిల్లా పేరు ఉన్నంత మాత్రాన అనుమానపడనక్కర లేదు. విభజన తరువాత ఏ కార్యాలయంలో పత్రాలు దాఖలు చేస్తున్నారో, చివరిసారి ఎప్పుడు చేశారో అడిగి తెలుసుకోవాలి.

ఈ నమోదు ఒక్కటీ సరిపోదు. అనాథలను గాని, సంరక్షణ అవసరమైన పిల్లలను గాని ఉంచుకునే ఏ గృహమైనా, బోర్డు మీద ఆశ్రమమని రాసుకున్నా హాస్టలని రాసుకున్నా, 2015 నాటి బాలల న్యాయ చట్టం 41వ సెక్షను కింద విడిగా నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు గాని, లక్ష రూపాయలకు తక్కువ కాని జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఈ నమోదు పత్రం గడువు అయిదేళ్లు. పత్రం మీద తేదీని, ఎంతమంది పిల్లలకు అనుమతి ఉందన్న సంఖ్యను కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ సంఖ్యతో తరువాత చాలా పని ఉంది. గృహంలో ఉన్న ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ, పిల్లలను ఎక్కడ ఉంచాలో నిర్ణయించే బాలల సంక్షేమ కమిటీ ఇచ్చిన ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వులను దాతకు చూపకూడదు, చూపమని అడగకూడదు. ప్రస్తుతం ఎంతమంది పిల్లలు ఉన్నారు, అందులో ఎంతమందికి కమిటీ ఉత్తర్వులు ఉన్నాయి అన్న రెండు అంకెలు అడగడం మాత్రం న్యాయమే. ఆ రెండు అంకెలూ ఒకటి కాకపోతే వివరణ కోరాలి.

ఇక పాలన. సంస్థను ఒక మనిషి ఆవేదనతో, తన పొలం అమ్మి ప్రారంభించిన సందర్భాలు మన దగ్గర తక్కువేమీ కావు, అటువంటివారి మీద నాకు గౌరవం ఉంది. అయినా పదిహేనేళ్ల తరువాత కూడా అధ్యక్షులు ఆయన, కార్యదర్శి ఆయన భార్య, కోశాధికారి వారి అల్లుడు, సభ్యులు మిగిలిన బంధువులు అయితే, ఆ సంస్థలో కాదనగలవారు ఎవరూ లేరని అర్థం. కార్యవర్గం జాబితా తీసుకుని, ఎవరికి ఎవరు ఏమవుతారో నేరుగా అడగండి. సమావేశాల మినిట్స్ పుస్తకం చూపమనండి. అన్ని సమావేశాలూ ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, ఒకే రోజు రాసినట్లు కనిపిస్తే ఆడిటు ముందు కూర్చుని నింపారని అనుమానించవచ్చు. ఒక తీర్మానం మీదనైనా భిన్నాభిప్రాయం నమోదై ఉంటే అది మంచి గుర్తు. కార్యవర్గ సభ్యుడి భవనాన్ని సంస్థ అద్దెకు తీసుకున్నా, సభ్యుడి కిరాణా దుకాణం నుంచి సరుకులు కొన్నా, ఆ నిర్ణయం జరిగినప్పుడు ఆయన బయట కూర్చున్నారా, ఇతర ధరలతో పోల్చి చూశారా అన్నది మినిట్స్‌లోనే తెలియాలి. దస్తావేజులో చివరన ఉండే ఒక వాక్యాన్ని చాలామంది చదవరు: సంస్థ మూతపడితే ఆస్తి ఎవరికి చెందుతుంది? అటువంటి ఆశయమే ఉన్న మరొక సంస్థకు చెందాలని ఉండాలి.

డబ్బు లెక్కల్లో మూడు పత్రాలు కలిపి చదవాలి: వసూళ్లు చెల్లింపుల పట్టిక, ఆదాయ వ్యయాల పట్టిక, ఆస్తి అప్పుల పట్టిక. సంస్థలు దాతకు తరచుగా రెండోదే ఇస్తాయి. అసలు విషయం మూడో దానిలో, అందులోనూ ‘అడ్వాన్సులు’ అన్న పంక్తిలో ఉంటుంది. కార్యదర్శి పేరున రెండు లక్షల అడ్వాన్సు మూడేళ్లుగా అలాగే కనిపిస్తే, అది పిల్లల సొమ్ము ఆయన దగ్గర అప్పుగా ఉన్నట్టే. బ్యాంకులో డిపాజిట్లు ఏటా పెరుగుతూ, పిల్లల తిండి ఖర్చు అలాగే ఉండిపోతే కారణం అడగాలి. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం పన్ను మినహాయింపు పొందిన సంస్థ తన ఆదాయంలో 85 శాతాన్ని ఆ ఏడాదిలోనే ఆశయాల కోసం ఖర్చు చేయాలి, లేదా ఫలానా పనికి కూడబెడుతున్నామని ముందుగా తెలియజేయాలి. ఆ పని ఏదో దాత తెలుసుకోవచ్చు. ఆడిటరు గారి సంతకం కింద పద్దెనిమిది అంకెలూ అక్షరాలూ కలిసిన యూడిన్ సంఖ్య ఉంటుంది; చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ వెబ్‌సైటులో దాన్ని ఎవరైనా సరిచూడవచ్చు. దానితో పాటు నివేదికలో ఆడిటరు రాసిన అభ్యంతరాలు చదవండి. ‘నగదు చెల్లింపులకు రసీదులు లభించలేదు’ అన్న ఒక్క వాక్యం నాలుగు రంగుల కరపత్రం కంటే ఎక్కువ చెబుతుంది.

పన్ను మినహాయింపు గురించి క్లుప్తంగా. 80జి అన్న పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు రెండు వేల రూపాయలకు మించిన నగదు విరాళానికి వర్తించదు. పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే అది ఉపయోగపడుతుంది. సంస్థ రసీదు ఒక్కటీ చాలదు, ఆ విరాళాన్ని సంస్థ పన్ను శాఖకు తెలియజేసి తెచ్చిన ధ్రువపత్రం కూడా మీకు ఇవ్వాలి. ఇచ్చిన దానికంటే ఎక్కువకు రసీదు రాసిస్తామని ఎవరైనా అంటే అక్కడితో ఆ సంస్థ గురించి విచారించడం ఆపేయవచ్చు; దాత కోసం అబద్ధపు రసీదు రాసేవారు పిల్లల ఖర్చులోనూ రాస్తారు.

పరిపాలనా వ్యయం ఎంత శాతమన్నది అందరూ మొదట అడిగే ప్రశ్న. నా దృష్టిలో అది చివర అడగవలసినది. జీతాల ఖర్చు మరీ తక్కువగా చూపుతున్న గృహంలో రాత్రిపూట పిల్లలతో ఎవరు ఉంటున్నారు, ఆడపిల్లల గదుల వైపు మహిళా సిబ్బంది ఉన్నారా, మనసు చెదిరిన పిల్లవాడితో మాట్లాడేందుకు శిక్షణ పొందినవారు వస్తున్నారా అని అడిగితే, ఆ పొదుపు ఎవరి మీద చేసినదో తెలుస్తుంది. విదేశీ విరాళాల విషయంలో మాత్రం చట్టమే హద్దు పెట్టింది: విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ తరువాత విదేశీ నిధుల్లో 20 శాతానికి మించి పరిపాలనకు వాడకూడదు, ఆ నిధులు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. భారత పౌరసత్వం ఉన్నవారు విదేశంలో సంపాదించిన సొంత సొమ్మును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరి బిడ్డ పంపితే, రూపాయల్లో ఇచ్చినా, విదేశీ విరాళమే. కుటుంబంలో అటువంటివారు ఉంటే సంస్థకు విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోవాలి, లేకపోతే మంచి ఉద్దేశంతో ఇచ్చిన సొమ్మే సంస్థను చిక్కుల్లో పడవేస్తుంది.

మన డెల్టాలో విరాళాలు చాలావరకు వస్తు రూపంలో వస్తాయి: బియ్యం, కొబ్బరికాయలు, దుప్పట్లు, పుట్టినరోజు భోజనాలు. లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. కొన్నేళ్ల క్రితం వశిష్ఠ పాయ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఆశ్రమం పుస్తకాలు చూడమని స్నేహితులు కోరితే వెళ్లాను. దాతల పేర్లు, బస్తాల సంఖ్య ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉన్నాయి. ఎన్ని బస్తాలు వాడారో రాయవలసిన గడి మాత్రం ఆసాంతం ఖాళీగా ఉంది. అక్కడ దొంగతనం జరగలేదు. రాయాలని వారికి ఎవరూ చెప్పలేదు. వంటావిడ చేత రోజూ తూకం రాయించడం మొదలుపెట్టిన రెండు నెలలకే, పండుగల నెలల్లో వచ్చిన బియ్యం పురుగు పట్టి పోతోందని, వానాకాలంలో కొనుక్కోవలసి వస్తోందని వారికే తెలిసింది. ఆ తరువాత దాతలను నెలల వారీగా ఇవ్వమని అడగసాగారు.

ఈ సరిచూత ఎవరైనా చేయవచ్చు. నమోదు పత్రంలో మీరు రాసుకున్న సంఖ్యను, హాజరు పట్టీలోని సంఖ్యను పక్కపక్కన పెట్టండి. ఉదాహరణకు నలభైమంది పిల్లలు, పూటకు 150 గ్రాముల బియ్యం చొప్పున రెండు పూటలు అనుకుంటే రోజుకు 12 కిలోలు, నెలకు 360 కిలోలు, అంటే ఇరవై అయిదు కిలోల బస్తాలు పద్నాలుగు దాటి. నిల్వ పుస్తకంలో ముప్పై బస్తాలు ఖర్చయినట్లు ఉంటే గాని, అయిదే ఖర్చయినట్లు ఉంటే గాని ఆ రెండు పుస్తకాల్లో ఏదో ఒకటి నిజం చెప్పడం లేదు. వేసవి సెలవుల్లో పిల్లలు బంధువుల ఇళ్లకు వెళ్లిన నెలలో బియ్యం వాడకం తగ్గిందా లేదా చూడటం ఇంకా మంచి పరీక్ష. పాల బిల్లు, గ్యాస్ సిలిండర్లు, పాఠ్యపుస్తకాలు కూడా పిల్లల సంఖ్యతోనే కదలాలి.

వరద నిధులను విడిగా చూడాలి. 2022 జూలై వరదలో లంక గ్రామాలు మునిగినప్పుడు వచ్చినట్టే, ప్రతి వరదకూ పిల్లల పేరున విరాళాలు వస్తాయి. ఒక పనికి అడిగిన సొమ్ము ఆ పనికే ఖర్చు కావాలి, మిగిలితే ఎంత మిగిలిందో దాతలకు చెప్పి వారి అనుమతితోనే మరో పనికి మళ్లించాలి. లెక్కల్లో ఆ నిధికి విడి ఖాతా కనిపించకపోతే, సాధారణ ఖర్చుల్లో కలిసిపోయిందని భావించవచ్చు.

చూడటానికి వెళ్లేటప్పుడు ముందుగా చెప్పి, వారు కుదుర్చిన వేళకు వెళ్లండి. పిల్లలతో ఫోటోలు దిగవద్దు. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షను ప్రకారం నేరం. పరిచయం లేని మనిషిని పిల్లలతో ఒంటరిగా వదిలే గృహం మీకు ఎంత మర్యాద చేసినా, అది పిల్లలకు భద్రమైన చోటు కాదు. మిమ్మల్ని ఆపి, పేరు రాయించుకుని, సిబ్బందిని తోడిచ్చి పంపితే నొచ్చుకోకండి. తల్లో తండ్రో బతికి ఉండి, పేదరికం వల్ల మాత్రమే గృహంలో చేరిన పిల్లలను ఇంటికి చేర్చే ప్రయత్నం జరుగుతోందా అని అడగండి. కేంద్ర ప్రభుత్వ పథకమైన మిషన్ వాత్సల్య కింద అర్హత ఉన్న పిల్లలకు నెలకు నాలుగు వేల రూపాయల స్పాన్సర్‌షిప్ సాయం ఇంటి దగ్గరే అందే వీలుంది. పిల్లల సంఖ్య పెరగడమే విజయమని చెప్పే వార్షిక నివేదిక మీద నాకు నమ్మకం తక్కువ.

సంస్థ చెప్పని విషయాన్ని ప్రభుత్వ కార్యాలయం నుంచి తెలుసుకునే మార్గం ఉంది. తనిఖీ నివేదికల కోసం జిల్లా బాలల సంరక్షణ విభాగానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. పిల్లల వివరాలు తీసివేసి మిగిలినది కోరాలి. ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే స్వచ్ఛంద సంస్థలు కూడా ఆ చట్టం పరిధిలోకి వస్తాయని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. లెక్కల తేడా కాక, పిల్లలకు హాని జరుగుతోందన్న అనుమానం కలిగితే మాత్రం పత్రాల కోసం ఆగకూడదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఆ రోజే ఫోను చేయాలి.

పెద్ద మొత్తం ఇవ్వదలచినవారు దాన్ని రెండు భాగాలు చేసి, మొదటిది ఏప్రిల్లో, రెండోది నవంబరులో ఇవ్వడం మేలు. గడిచిన ఆర్థిక సంవత్సరపు ఆడిటు, రిటర్ను అప్పటికి పూర్తయి ఉంటాయి గనుక, రెండో చెక్కు రాసే ముందు ఆ పత్రాల నకళ్లు పంపమని మొదటి చెక్కుతో పాటే ఉత్తరం రాసి ఇవ్వవచ్చు.