పాత కారవాన్‌తో బెంగళూరు మీట్‌కు: దారిలో, మైదానంలో వచ్చే సమస్యలు - పరిష్కారాలు

తిరుపతి నుంచో అనంతపురం నుంచో కారు వెనక పాత ట్రావెల్ ట్రైలర్ (లోపల ఉండటానికి వీలైన కారవాన్) తగిలించుకుని బెంగళూరులో క్లబ్ మీట్‌కు బయలుదేరేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పాత ట్రైలర్లలో ఇబ్బంది ఒకచోట బయటపడుతుంది, దాని మూలం ఇంకోచోట ఉంటుంది. అందుకే విడిభాగాలు మార్చే ముందు కారణం పట్టుకోవాలి. లేకపోతే డబ్బూ పోతుంది, మీట్ రోజూ పోతుంది.

హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతోంది

70, 80 దాటగానే వెనక బండి పక్కకు లాగడం మొదలైతే చాలామంది టైర్లను అనుమానిస్తారు. ఎక్కువసార్లు కారణం బరువు. నీళ్ల ట్యాంకు, స్టెప్నీ, మంచం కింద పెట్టెలు అన్నీ ఇరుసుకు వెనకవైపు చేరితే ముందు కప్లింగ్ (కారు హుక్‌కు తగిలించే భాగం) మీద భారం తగ్గిపోతుంది. 60 లీటర్ల నీళ్లంటే 60 కిలోలు, అది ఎక్కడ కూర్చుందనేదే ప్రశ్న.

ట్రైలర్ మొత్తం బరువులో సుమారు పదోవంతు కప్లింగ్ మీద పడాలి. వెయ్యి కిలోల బండికి వంద కిలోలు. ఇంట్లో ఒళ్లు తూచుకునే మిషన్ చాలు. దాని మీద గట్టి చెక్కముక్క నిలబెట్టి, ట్రైలర్ నేలకు సమంగా ఉండేలా కప్లింగ్‌ను దాని మీద దించి చూడండి. తక్కువ వస్తే సామాను ఇరుసు పైకీ కొంచెం ముందుకీ జరపండి. మీ కారు హుక్ ఎంత భారం మోయగలదో మాన్యువల్‌లో ఉంటుంది, దాన్ని మాత్రం దాటొద్దు.

దారిలోనే ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, వేగం దానంతట అదే తగ్గనివ్వండి. గట్టిగా బ్రేక్ నొక్కితే బండి అడ్డం తిరుగుతుంది.

బరువు సరిగ్గా ఉన్నా టకటకమని చప్పుడు, కుదుపు ఉంటే బాల్ (కప్లింగ్ కూర్చునే, కారు హుక్ మీది గుండు) సైజు చూడండి. బ్రిటిష్ కారవాన్లకు 50 మిల్లీమీటర్ల బాల్, చాలా అమెరికన్ ట్రైలర్లకు 2 అంగుళాలది, అంటే 50.8. అమెరికన్ కప్లింగ్ 50 బాల్ మీద వదులుగా ఆడుతుంది. బ్రిటిష్ కప్లింగ్ 50.8 బాల్ మీద పూర్తిగా కూర్చోకుండానే కూర్చున్నట్టు కనిపిస్తుంది, ఇది ఇంకా ప్రమాదం. సైజు సాధారణంగా బాల్ మీదే చెక్కి ఉంటుంది.

ఒక చక్రం దగ్గర వేడి, కాలిన వాసన

బయలుదేరిన 30, 40 కిలోమీటర్లకు టీకి ఆగినప్పుడు ముందుగా ట్రైలర్ రెండు చక్రాల హబ్బుల (నడిమి భాగాల) దగ్గరా అరచేతి వెనకభాగం పెట్టి చూడండి. రెండూ గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. ఒకటి గోరువెచ్చగా, ఇంకొకటి చెయ్యి పెట్టలేనంతగా ఉంటే అక్కడే ఆగిపోండి. మూత చుట్టూ గ్రీజు కారి, దానికి దుమ్ము పట్టి నల్లటి ఉంగరంలా కనిపిస్తే బేరింగ్ పని అయిపోయినట్టే. జాకీ ఎత్తి చక్రం తిప్పండి. గరగరమంటే బేరింగ్, బిగుసుకుని తిరిగితే బ్రేక్ పట్టేసింది. ఏళ్ల తరబడి షెడ్డులో నిలిచిన బండికి బయలుదేరే ముందే గ్రీజు కడిగి కొత్తది పెట్టించాలి. బెంగళూరు చేరాక అవసరం పడితే బండి విడిభాగాల దుకాణాలుండే జె.సి.రోడ్డులో పాత బేరింగ్ చూపించి అదే నంబరు అడగండి. అక్కడ తెలుగులోనే బేరం నడుస్తుంది.

టైర్ల గురించి ఒక్కమాట. గాడులు లోతుగా ఉన్నాయని నమ్మకండి. పక్కగోడ మీద నాలుగు అంకెలు చూడండి. 3516 అంటే 2016లో 35వ వారం. నిలిచి ఉన్న బండి టైరు అరగకుండానే ముసలిదవుతుంది.

బ్రేక్ నొక్కితే ఇండికేటర్ మసకగా వెలుగుతోంది

ఇది ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) సమస్య, బల్బులు కొనకండి. చాలా పాత ట్రైలర్లలో ఎర్త్ కప్లింగ్ ఇనుము గుండానే వెళ్తుంది. తుప్పు పట్టాక కరెంటు దారి దొరక్క పక్క బల్బు గుండా తిరిగి వస్తుంది. కారు బ్యాటరీ నెగెటివ్ నుంచి ఒక వైరు తెచ్చి వెనక లైటు లోహానికి తాకించండి. లైటు పూర్తి వెలుగుతో వెలిగితే అనుమానం తీరినట్టే. ప్లగ్గు నుంచి ఛాసిస్‌కు విడిగా తెల్ల వైరు లాగి, రంగు గీకిన చోట బోల్టుతో బిగించి, పైన వ్యాజిలిన్ రాయండి.

అమెరికన్ బండ్లలో బ్రేకుకూ ఇండికేటర్‌కూ ఒకే ఎర్ర బల్బు ఉండటం మామూలు. మన కార్లలో రెండూ వేరు. రెంటినీ కలిపి పంపే కన్వర్టర్ మధ్యలో పెట్టాలి. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్.పి.రోడ్డులో విచారించండి.

ఘాటులో ఇంజన్ వేడెక్కుతోంది

చిత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు మొగిలి ఘాటు. ఏసీ ఆపి, హీటర్ పెట్టి, తక్కువ గేరులో నిదానంగా ఎక్కండి. ముల్లు ఎరుపులోకి పోతోందంటే పక్కకు ఆపి, వెంటనే ఆర్పకుండా కాసేపు ఇంజన్ తిరగనివ్వండి. రేడియేటర్ మూత జోలికి మాత్రం పోవద్దు.

పోలీసు ఆపాడు, వింటేజ్ అన్నా వినలేదు

మన చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి వేరే ఆర్‌సి కావాలి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ 50 ఏళ్లు దాటిన మోటారుసైకిళ్లకు, కార్లకు. ట్రైలర్‌కు ఆ మాట పనికిరాదు.

నగరంలో అండర్‌పాస్ ముందు ఇరుక్కున్నారు

ఎత్తు తెలియకపోవడమే కారణం. రూఫ్ మీది వెంటిలేటర్ మూతతో కలిపి టేపుతో కొలిచి, ఆ అంకె స్టీరింగ్ ఎదురుగా అతికించండి. కారుకు మ్యాప్ చూపించే దారి ట్రైలర్‌కు దారి కాదు. వాన పడుతుంటే ఎత్తు సరిపోయినా అండర్‌పాస్‌లోకి దిగొద్దు. 2023 మేలో కె.ఆర్.సర్కిల్ అండర్‌పాస్ నీళ్లలో కారు చిక్కుకుని మన ఆంధ్ర అమ్మాయి ప్రాణం పోయింది. అరగంట ఆలస్యమైతే ఏం కాదు.

మీట్ ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అయితే ఏ గేటో ముందే అడగండి. జయమహల్ రోడ్డు వైపూ బళ్లారి రోడ్డు వైపూ గేట్లున్నాయి. తప్పు గేటు దగ్గర ట్రైలర్‌తో యూటర్న్ అంటే మామూలు టెన్షన్ కాదు.

రివర్స్‌లో బండి అడ్డం తిరుగుతోంది

ఒకాయన ‘రానీ రానీ’ అంటాడు, ఇంకొకాయన కన్నడలో ‘బన్ని బన్ని’ (రండి రండి) అంటాడు. ఒక్కరి మాటే వినండి, ఆ ఒక్కరు మీ అద్దంలో కనిపించాలి. స్టీరింగ్‌ను కిందివైపు పట్టుకోండి. ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. మడత పడుతుంటే పంతం వద్దు, ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టండి.

కరెంటు ఇవ్వగానే కాలిన వాసన, ఫ్రిజ్ చల్లబడటం లేదు

అమెరికన్ ట్రైలర్ 120 వోల్టులది, మైదానంలో ఇచ్చేది 230. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు. గ్యాస్‌తోనూ నడిచే పాత ఫ్రిజ్ అయితే బండి సమంగా నిలబడాలి, వాలుగా ఉంటే లోపల ద్రవం తిరగదు. రసమట్టం ఫ్రిజ్‌లోనే పెట్టి చూసి, పల్లంగా ఉన్న చక్రం కింద పలక వేయండి. మూలల్లో దించే కాళ్లు బండి కదలకుండా ఉండటానికే, బండిని ఎత్తడానికి కాదు.

గ్యాస్ వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోకుండా సిలిండర్ వాల్వు మూసేసి, తలుపులు తీసి అందరూ బయటికి రండి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. గాలి బాగా ఆడాక రబ్బరు పైపు కొత్తది వేసి, సబ్బు నురగతో అతుకులు చూసుకునే వెలిగించండి.

సాయంత్రం వాన, పరుపు తడిసింది

బెంగళూరులో మే, సెప్టెంబర్, అక్టోబర్ మీట్‌లకు ఇది రానే వస్తుంది. నీళ్లు కారిన చోట పైన రంధ్రం ఉండదు. రేకు కింద ఫ్రేము వెంట జారి, ఎక్కడో దూరంగా బొట్టుగా దిగుతుంది. అమెరికన్ ట్రైలర్ తయారీదారు వాలీ బయమ్ 1936లో తెచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ లాంటి రివెట్ల అల్యూమినియం బండికి ప్రతి రివెట్టూ ఒక అనుమానమే. చెక్క ఫ్రేము ఉన్న బ్రిటిష్ కారవాన్లకు కిటికీ మూలలు, అంచు పట్టీలు చూడాలి.

మైదానంలో టార్పాలిన్ కప్పి రాత్రి గడిపేయండి. సిలికాన్ గొట్టం తెచ్చి కంగారుగా పూయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. దాని మీద తర్వాత వేరే సీలెంటు పట్టదు, గీకడానికి రోజులు పడుతుంది. ఇంటికొచ్చాక ఒకరు లోపల టార్చితో కూర్చోండి, ఇంకొకరు పైపుతో కింది నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి నీళ్లు పట్టండి. పై నుంచి మొదలుపెడితే అంతా తడిసి ఏదీ తేలదు. చోటు దొరికాక పట్టీ విప్పి, పాత జిగురు గీకి, బ్యూటైల్ టేపు (మెత్తటి రబ్బరు జిగురు టేపు) వేసి బిగించండి. అంతకుముందు గోడ లోపలి ప్లైవుడ్‌ను బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగితే ఆ ముక్క కోసి కొత్తది వేయాలి. గట్టిగానే ఉండి తడిగా ఉంటే, పూర్తిగా ఆరేదాకా తెరిచే ఉంచి ఆ తర్వాతే మూయండి. తడి మీద మూస్తే చెక్క లోపలే కుళ్లిపోతుంది.