ప్లాట్లు గీయకముందే చెట్టుకు టేపు పట్టండి

మా స్థలం అన్నదమ్ములం పంచుకున్నప్పుడు పెరటి చివరనున్న పెద్ద చెట్టును కొట్టకూడదని ముందే అనుకున్నాం. ఒక్క కొమ్మ కూడా తీయలేదు. హద్దు మాత్రం దాని పక్కనుంచే పోయింది, మానుకు రెండడుగుల దూరంలో ప్రహరీ పునాది తవ్వించాం. ఏడాది వరకు ఏమీ తెలియలేదు. మూడో ఏడు చిటారు కొమ్మలు ఎండాయి. అయిదో ఏటికి మోడైంది. దాని కింద ఆడుకుని పెరిగినవాణ్ణి, ఇప్పటికీ ఆ వైపు చూడలేను.

పెద్ద చెట్టు వేళ్లు పాతాళానికి దిగుతాయనుకుంటాం. చాలా చెట్లకు వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి పరుచుకుని ఉంటాయి. నీరు పీల్చే సన్న వేళ్లు ఇంకా పైనే. మానును ముట్టుకోలేదని నిశ్చింతగా ఉండటమే మేం చేసిన తప్పు.

ఎంత మేర వదలాలి? నేలనుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున మాను చుట్టుకొలత తీయండి. 3.14తో భాగించి, వచ్చిన వ్యాసాన్ని 12తో హెచ్చవేయండి. చుట్టుకొలత 188 సెంటీమీటర్లయితే వ్యాసం 60, అన్ని వైపులా వదలాల్సింది 7.2 మీటర్లు. బ్రిటన్, ఆస్ట్రేలియా ప్రమాణాల్లోనూ ఈ పన్నెండు రెట్ల లెక్కే ఉంది.

సర్వేయర్‌తో ముందు ఈ వలయాన్నే ప్లానులో గీయించండి. హద్దులు, దారి, ఇల్లు కట్టే చోటు ఆ తర్వాత. వలయం వీలైనంతవరకు ఒకే ప్లాటులో పడాలి. కొంత పక్కవాళ్ల వైపు వెళ్లక తప్పకపోతే, ఆ మేర తవ్వకూడదని కొలతలతో సహా దస్తావేజులో రాయించి ప్లాను జతచేయండి. నోటిమాట ప్లాటు చేతులు మారేదాకే. గుంపుగా పెరిగిన చెట్లలో ఒక్కదాన్ని ఉంచి మిగతావి తీసేయకండి, గాలి అలవాటు లేని ఆ ఒంటరి చెట్టు కూలిపోవచ్చు.

జేసీబీ గేటు దాటకముందే వలయం చుట్టూ గట్టి కంచె వేయాలి. రిబ్బను కడితే ఎవరూ ఆగరు. బరువైన బండి నాలుగైదుసార్లు తిరిగినా మట్టి బిగుసుకుపోయి వేళ్లకు గాలి అందదు. ఇసుక, ఇటుకలు లోపల పోయనివ్వకండి. సిమెంటు కడిగిన నీళ్లు అసలే వద్దు. మెరక చేయడానికి జానెడు మట్టి పోసినా వేళ్లకు ఊపిరి ఆడకపోవచ్చు.

ప్రహరీ తప్పదంటే వరుసగా పునాది తీయొద్దు. వేళ్లు లేని చోట్ల చేత్తో గుంతలు తవ్వి స్తంభాలు నిలిపి, నేలకు పైన బీము వేసి గోడ లేపండి. నీళ్ల పైపులు, కరెంటు తీగలు వలయం బయట తిప్పండి. దారి లేకపోతే మూడడుగుల లోతుకు దిగి, వేళ్ల కిందుగా అడ్డంగా బోరు వేయించండి. ఎక్కడైనా వేరు కోయక తప్పకపోతే పదునైన రంపంతో కోయాలి, యంత్రంతో లాగితే మాను దాకా చీలుతుంది.

పని జరిగినన్నాళ్లూ వలయంలో మూడు నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు పరచండి, మానుకు మాత్రం తగలకూడదు. వానల్లేనప్పుడు నేల లోతుగా తడిసేలా నీళ్లు పెట్టండి. కంచె అన్ని పనులూ అయ్యాక ఆఖరున తీయండి. ఆ తర్వాత కూడా అయిదారేళ్లు, ఏటా చిగురు వేసే కాలంలో చిటారు కొమ్మల్ని చూస్తూ ఉండండి.