క్వెస్ట్‌బ్రిడ్జ్ దరఖాస్తు విధానం: తక్కువ ఆదాయంతో అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల కోసం

అన్నో అక్కో పెట్టిన పిటిషన్ మీద ఏళ్లకేళ్లు ఎదురుచూసి, నలభై దాటాక గ్రీన్‌కార్డుతో అమెరికా వచ్చిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ టీచరు ఉద్యోగమో చిన్న వ్యాపారమో చేసినవాళ్లు ఇక్కడ గ్యాస్ స్టేషన్లో, గ్రోసరీ స్టోర్లో, రెస్టారెంట్ వంటింట్లో పనిచేస్తుంటారు. వెంట వచ్చిన పిల్లలు అప్పటికి తొమ్మిదో పదో చదువుతుంటారు. రెండేళ్లు తిరిగేసరికి వాళ్లలో చాలామంది లెక్కల్లో క్లాసు ఫస్టు. కానీ పేరున్న కాలేజీలో ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటుతుందని వినగానే ఇంట్లో ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో, అంటే తక్కువ ఫీజుతో రెండేళ్లు చదివే స్థానిక కాలేజీలో, చేరమంటారు. అది మంచి దారే, నాకేమీ చిన్నచూపు లేదు. ఇంకో దారి ఉందని తెలియకపోవడం వల్ల పిల్లలు అక్కడ ఆగిపోతే మాత్రం బాధగా ఉంటుంది.

ఆ ఇంకో దారి పేరు క్వెస్ట్‌బ్రిడ్జ్. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో కేంద్రంగా పనిచేసే లాభాపేక్ష లేని సంస్థ ఇది. బాగా చదివే పేద పిల్లల్ని మంచి కాలేజీలతో కలపడమే దీని పని. యేల్, ఎంఐటీ, డ్యూక్, రైస్, షికాగో యూనివర్సిటీ లాంటి 50కి పైగా కాలేజీలు ఇందులో భాగస్వాములు. నేషనల్ కాలేజ్ మ్యాచ్ అనే వీళ్ల పథకంలో ఎంపికైతే నాలుగేళ్ల ట్యూషన్ ఫీజు, హాస్టల్, భోజనం, పుస్తకాలు, ప్రయాణ ఖర్చు అన్నీ స్కాలర్‌షిప్‌లోనే వస్తాయి. తల్లిదండ్రులు కట్టాల్సింది ఉండదు, పిల్లల పేరు మీద అప్పూ ఉండదు. దరఖాస్తుకు ఒక్క డాలరు కూడా తీసుకోరు. "మేం పెట్టిస్తాం, ఇంత ఇవ్వండి" అని ఎవరైనా కన్సల్టెన్సీ వాళ్లు అంటే దండం పెట్టి వచ్చేయండి.

ఎవరు పెట్టుకోవచ్చు? అమెరికా పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఎక్కడ చదువుతున్నా సరే. అంటే ఇక్కడ పుట్టి, ఇప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటర్ చదువుతున్న పిల్లలు కూడా పెట్టుకోవచ్చు. అమెరికాలోని హైస్కూల్లో చదువుతున్నవాళ్లయితే ఏ వీసా మీద ఉన్నా దరఖాస్తు చేయవచ్చు. కాకపోతే వీసా మీద ఉన్న పిల్లల విషయంలో ఒక్కో కాలేజీ నియమం ఒక్కోలా ఉంటుంది, అది ముందే చూసుకోవాలి. ఆంధ్ర, తెలంగాణల్లో చదువుతూ అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేని పిల్లలకు ఈ పథకం వర్తించదు.

ఆదాయం సంగతి. నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 65,000 డాలర్ల లోపు, ఆస్తులు కూడా పెద్దగా లేకపోవడం అన్నది సాధారణంగా చెప్పే లెక్క. ఇది కచ్చితమైన గీత కాదు. ఇంట్లో మనుషులు ఎక్కువున్నా, జబ్బు ఖర్చులున్నా, అద్దెలు మండిపోయే ఊళ్లో ఉంటున్నా వాటిని కూడా పరిగణనలోకి తీసుకుంటారు.

మనవాళ్లు తడబడేది ఆస్తుల దగ్గర. "ఊళ్లో రెండెకరాలుంది, శివార్లలో ఓ ప్లాటుంది, రాయాలా వద్దా?" అని అడుగుతుంటారు. మీ పేరు మీద ఉంటే రాయాలి. ఇండియాలో ఉంది కదా, వీళ్లకెలా తెలుస్తుందని దాచొద్దు. దరఖాస్తులో రాసినవన్నీ నిజమని సంతకం చేసేది మీరూ మీ బిడ్డా. నాన్నగారి పేరు మీదున్న, ఇంకా పంపకాలు కాని పొలం మీ ఆస్తి కిందకు రాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు రాసి, దాని మీద కౌలు ఎంత వస్తుందో, అసలు వస్తుందో లేదో వివరంగా చెప్పండి. నెలనెలా అమ్మానాన్నలకు మందులకు డబ్బు పంపుతుంటే అదీ రాయండి. కుటుంబ పరిస్థితులు చెప్పుకోవడానికి దరఖాస్తులో చోటు ఉంటుంది.

ఇక తేదీలు. 12వ తరగతిలోకి వచ్చాక తీరిగ్గా చూద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది. దరఖాస్తు ఎండాకాలంలో తెరుచుకుని సెప్టెంబర్ చివరి వారంలో మూసుకుంటుంది. చాలా రాష్ట్రాల్లో అప్పటికి బడి తెరిచి నెలే అవుతుంది. అందుకే సిఫారసు లేఖల కోసం 11వ తరగతి అయిపోయే ముందే, మే నెలలోనే టీచర్లను అడగాలి. ఇద్దరు టీచర్ల లేఖలు కావాలి. ముఖ్యమైన సబ్జెక్టులు చెప్పినవాళ్లయి ఉండాలి. ఎక్కువ మార్కులు వేసిన టీచరు కంటే, మీ అమ్మాయి క్లాసయ్యాక ఆగి ప్రశ్నలడిగిన టీచరు బాగా రాయగలరు. స్కూల్ కౌన్సిలర్ నుంచి ఒక రిపోర్టు, మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ కూడా వెళ్లాలి. తొమ్మిదో పదో ఇండియాలో చదివి వచ్చినవాళ్లు ఆ మార్కుల కాగితాలు, పదో తరగతి మెమో కౌన్సిలర్‌కి ఇచ్చారో లేదో ఒకసారి అడగండి. పాత స్కూల్ నుంచి కాగితాలు తెప్పించడానికి ఎంత తిరగాల్సి వస్తుందో మీకు తెలియనిది కాదు. ఆ పని వేసవి సెలవుల్లోనే ముగించండి.

కాలేజీ ప్రవేశాల కోసం రాసే ఎస్‌ఏటీ పరీక్ష స్కోరు క్వెస్ట్‌బ్రిడ్జ్ దరఖాస్తుకు తప్పనిసరి కాదు. కానీ ఎంఐటీ లాంటి కొన్ని కాలేజీలు అడుగుతాయి. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలు స్కూల్ కౌన్సిలర్ ద్వారా ఫీజు మినహాయింపు తీసుకుని 11, 12 తరగతుల్లో రెండుసార్లు ఉచితంగా రాయవచ్చు. ప్రాక్టీసు ఖాన్ అకాడమీ అనే వెబ్‌సైట్లో ఉచితం.

డబ్బు కాగితాల్లో ముఖ్యమైనవి కిందటి సంవత్సరం టాక్స్ రిటర్న్, పనిచేసే చోట ఇచ్చే డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన పన్ను చూపే కాగితం). చేతికి నగదు ఇచ్చే చోట పనిచేస్తూ టాక్స్ ఫైల్ చేయని ఇళ్లలో పిల్లల దరఖాస్తు ఇక్కడే ఇరుక్కుంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా లైబ్రరీల్లో, కమ్యూనిటీ సెంటర్లలో వీటా అనే ఉచిత సేవ నడుస్తుంది. ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) శిక్షణ పొందిన వాలంటీర్లు తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు డబ్బు తీసుకోకుండా రిటర్న్ వేసిపెడతారు. పిల్లలు 11వ తరగతిలో ఉన్న ఏడాదే ఆ పని చేయించుకోండి. కిందటి సంవత్సరం మీరింకా ఇండియాలోనే ఉంటే అక్కడి జీతం కాగితాలు పెట్టి, ఆ విషయం వివరంగా రాయాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం వ్యాసాలకు ఇవ్వాలి. ఒక పెద్ద వ్యాసం, ఇంకో చిన్నది, కొన్ని పొట్టి జవాబులు ఉంటాయి. ఇంటి కష్టం బయట చెప్పుకోకూడదని మనం పిల్లలకు చిన్నప్పటి నుంచి నేర్పుతాం. దాంతో పిల్లలు ఒలింపియాడ్ గురించి, సైన్స్ ఫెయిర్ గురించి రాస్తారు. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి బ్యాంకుకి, డాక్టర్ దగ్గరికి తనే వెళ్లి మాట్లాడిన సంగతి రాయరు. నాన్న నైట్ షిఫ్ట్‌లో ఉంటే తమ్ముడికి వండిపెట్టి, హోమ్‌వర్క్ చేయించి, ఆ తర్వాత తన కాల్క్యులస్ చదువుకున్న సంగతి రాయరు. అది చెప్పుకోవాల్సిన విషయమని వాళ్లకు తోచదు. దరఖాస్తు చదివేవాళ్లకు కావలసింది అదే. దయచేసి మీరే పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పండి: "మన ఇంటి గురించి రాయి, మాకేం ఫరవాలేదు." ఆ ఒక్క అనుమతి దొరికితే పిల్లల రాత మారిపోతుంది. నేను చూశాను. ఏడిపించేలా రాయక్కర్లేదు. రోజు ఎలా గడుస్తుందో, అందులో తనేం చేస్తుందో, ఏం ఆలోచిస్తుందో రాస్తే చాలు.

దరఖాస్తుతో పాటు 15 కాలేజీల వరకు వరుస క్రమంలో ఎంచుకోవచ్చు. ఈ వరుసను తేలిగ్గా తీసుకోవద్దు. మ్యాచ్ అయితే, అంటే ఈ జాబితాలోని ఒక కాలేజీ ఈ స్కాలర్‌షిప్‌తో మీ బిడ్డను ఎంచుకుంటే, చాలా కాలేజీల్లో తప్పనిసరిగా చేరాలి, తర్వాత మనసు మార్చుకోవడం కుదరదు. "అంత దూరం పంపం" అని మీరు ముందే అనుకునే కాలేజీని జాబితాలో పెట్టనివ్వకండి. అక్టోబర్ మధ్యలో ఫైనలిస్టుల్ని, అంటే మొదటి వడపోత దాటినవాళ్లని, ప్రకటిస్తారు. ఆ తర్వాత రెండు వారాలు పెద్ద హడావిడి, ఇంట్లో అందరికీ టెన్షన్. నవంబర్ మొదటికల్లా ఒక్కో కాలేజీ అడిగే కాగితాలు పంపాలి. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లు ఫాఫ్సా అనే ప్రభుత్వ ఆర్థిక సాయం ఫారం నింపాలి, అది ఉచితం. చాలా కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ కూడా అడుగుతాయి, అది కాలేజీలు తమ సొంత సాయం లెక్కకట్టడానికి వాడే ఫారం. ఏడాదికి లక్ష డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు దానికీ ఫీజు లేదు. ఇండియాలోని పొలం, ప్లాటు వివరాలు ఇందులోనూ మళ్లీ అడుగుతారు. రెండు చోట్లా అంకెలు ఒకేలా ఉండేట్టు ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

డిసెంబర్ 1న ఫలితం. 2023లో 20 వేలకు పైగా దరఖాస్తులు వస్తే 6,683 మంది ఫైనలిస్టులయ్యారు, వాళ్లలో 2,242 మందికి మ్యాచ్ అయింది. అంటే ఫైనలిస్టుల్లో కూడా ఎక్కువమందికి ఆ రోజు "లేదు" అనే వస్తుంది. ఆ సాయంత్రం పిల్లలు బాగా కుంగిపోతారు, కాసేపు వదిలేయండి. మర్నాడు మళ్లీ కూర్చోవాలి. ఎందుకంటే ఫైనలిస్టులు అదే దరఖాస్తుతో భాగస్వామ్య కాలేజీలకు రెగ్యులర్ అడ్మిషన్ కింద, ఫీజు లేకుండా పెట్టుకోవచ్చు. అలా సీటూ మంచి ఆర్థిక సాయమూ తెచ్చుకునేవాళ్లు ఏటా ఉన్నారు. ఆ గడువులు చాలావరకు జనవరి మొదట్లోనే ఉంటాయి.

మీ బిడ్డ ఇప్పుడు 11వ తరగతిలో ఉంటే కాలేజ్ ప్రెప్ స్కాలర్స్ అనే ఇంకో ఉచిత కార్యక్రమం ఉంది. మార్చిలో గడువు ముగుస్తుంది. ఎంపికైనవాళ్లలో కొందరికి వేసవి కోర్సులకు స్కాలర్‌షిప్ ఇస్తారు, దరఖాస్తు ఎలా రాయాలో నేర్పుతారు. ఇది రాకపోయినా సెప్టెంబర్ దరఖాస్తుకు అడ్డేమీ లేదు. దీనికి కూడా ఇంటి ఆదాయం వివరాలు అడుగుతారు కాబట్టి కాగితాలన్నీ ఒక ఫైల్లో చేరతాయి. ఆ ఫైలు పారేయకండి, ఆరు నెలల్లో మళ్లీ కావాలి.