ఒకటో తరగతి ఇంగ్లీషు: తొలి మూడు నెలలు ఇలా నడపండి

"అ ఆ లే రాని పిల్లలకు ఏబీసీడీలా?" 2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు మీడియం వచ్చినప్పటి నుంచీ సార్లు అడిగే మాటే ఇది. కెనడాలోని క్యుబెక్‌లో 2006 నుంచి ఫ్రెంచి బడుల్లో ఒకటో తరగతికే ఇంగ్లీషు తప్పనిసరి అయినప్పుడూ ఇదే గుబులు: ఫ్రెంచి చదవడం కుదురుకోకముందే ఇంకో భాషా అని. అక్కడ అదొక సబ్జెక్టే, మనకు లెక్కలు కూడా ఇంగ్లీషులోనే. అందుకే తొందర పనికిరాదు.

మొదటి మూడు నెలలు ఇంగ్లీషు రాయించకండి. పలక, బలపం తెలుగుకే ఉంచండి. పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఆజ్ఞలు: స్టాండప్, సిట్ డౌన్, టచ్ యువర్ నోస్. మూడు రోజులు మీరు చేస్తూ చెప్పండి. నాలుగో రోజు చేతులు కట్టుకొని చెప్పండి. తర్వాత పిల్లలను కళ్లు మూసుకొమ్మని చెప్పండి. పక్కోణ్ని చూసి చేసేటోళ్లు అప్పుడే తెలుస్తారు.

మాటలు కొత్తవి వెతకక్కర్లేదు. బస్సు, మోటరు, ట్రాక్టరు, చార్జరు, గిలాస పిల్లల నోట్లో ఉన్నవే. చిక్కల్లా పలకడంలోనే. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి 'బస్' కాస్తా 'బస్సు' అవుతుంది, 'స్కూల్' ముందు 'ఇ' చేరి 'ఇస్కూల్' అవుతుంది. 'స్‌స్‌స్' అని సాగదీసి, ఆపకుండా 'కూల్' కలిపించండి. వారానికి ఒక్క తప్పే దిద్దండి, అన్నీ దిద్దితే పిల్లలు నోరే విప్పరు.

తెలుగులో సరళపదాలు చదవడం వచ్చాకే అక్షరాలు, అవీ ఏ నుంచి జెడ్ దాకా వరుసగా వద్దు. మనకు అక్షరం పేరే దాని ధ్వని, ఇంగ్లీషులో అలా కాదు. 'సి-ఏ-టి' దగ్గర పిల్లాడు ఆగిపోయేది అందుకే. పేర్లు పక్కనబెట్టి ఎస్, ఏ, టి, పి, ఐ, ఎన్‌ల ధ్వనులు నేర్పితే ట్యాప్, సిట్, పిన్ వాళ్లే కూడబలుక్కుంటారు. చిన్న 'బి', చిన్న 'డి' ఒకే వారంలో చెప్పకండి, తారుమారు చేస్తారు. పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు చివరికి.

ములుగు, మహబూబాబాద్ వైపు తండాల్లో, కోయగూడేల్లో తెలుగే రెండో భాష. అక్కడ తెలుగులో అర్థం చెబితే పని కాదు, వస్తువే చూపాలి. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో ఉంటే నోటి పాఠం కలిపి చెప్పి, రెండో తరగతివాళ్లకు రాతపని ఇవ్వండి.

నెలాఖరున ఒక్కొక్కరిని విడిగా పిలిచి పది ఆజ్ఞలు ఇవ్వండి. ఏడు చేస్తే ముందుకు పోవచ్చు. సగం తరగతి ఏడుకు చేరకపోతే ఆ నెల పాఠమే మళ్లీ.